చప్పుడు చేసే చొక్కాలు: షికాగోలో నిక్ కేవ్ ప్రదర్శన ఎవరైనా చూశారా?

గోరింటాకు
18 సెప్టెంబరు 2022, రాత్రి 9:40

నిన్న అమ్మని తీసుకుని షికాగో డౌన్‌టౌన్‌లో సమకాలీన కళా మ్యూజియంకి వెళ్ళాను. వాటర్ టవర్ దగ్గర, ముందు పెద్ద మెట్లుంటాయి, అదే. నిక్ కేవ్ అనే కళాకారుడి 30 ఏళ్ళ పని ఒకేచోట పెట్టారు. ప్రదర్శన పేరు 'ఫరదర్‌మోర్'. నేను 'ఫర్దర్‌మోర్' అని చదివి టికెట్టు కొన్నాను, అక్కడికెళ్ళాక తెలిసింది ఆయన సొంతంగా కల్పించిన మాట అని. అక్టోబరు 2తో అయిపోతుంది.

మా అమ్మ తణుకులో 30 ఏళ్ళు జాకెట్లు కుట్టింది. మ్యూజియం అంటే "ఏముంటాయే అక్కడ, కుండపెంకులేగా" అంటూ వచ్చింది. లోపల అడుగు పెట్టగానే పైనుంచి వేలాడుతూ గిరగిరా తిరిగే రేకు చక్రాలు. అమెరికా వాళ్ళు పెరట్లో వేలాడదీస్తారు చూడండి, అవి. వేలకొద్దీ. తళతళలాడుతూ తిరునాళ్ళలో ఉన్నట్టుంది. దగ్గరికెళ్ళి చూస్తే కొన్నిటి మధ్యలో తుపాకీ ఆకారం ఉంది.

ఆ తర్వాత గదుల్లో ఆయన కుట్టిన 'సౌండ్ సూట్లు'. మనిషిని తలనుంచి కాళ్ళదాకా కప్పేసే వేషాలు. గుండీలు, పూసలు, చమ్కీలు, అల్లిక గుడ్డలు, పింగాణీ పిట్టలు, పిల్లలాడుకునే చప్పుడు బొమ్మలు. ఒకచోట నల్లటి ముత్యపు చిప్ప గుండీలతో ఏడు ఆకారాలు ఒకదానికొకటి అతుక్కుని నిలబడి ఉన్నాయి. తలలుండాల్సిన చోట బాజా గొట్టాల్లాంటి పెద్ద పెద్ద నోళ్ళు. అమ్మ వాటిముందు పది నిమిషాలు కదల్లేదు. "ఇది మిషను మీద కాదే, ప్రతి గుండీ చేత్తో కుట్టారు, వెనక దారం ముడి ఎక్కడ వేశారో చూడాలి" అని వంగింది. కాపలా ఆవిడ వచ్చి ఒక అడుగు వెనక్కి జరగమంది. పెద్దావిడ, ఆవిడా నల్లజాతి మనిషే. అమ్మ ఏమాత్రం బెదరకుండా తన జాకెట్టు చెయ్యి తిప్పి మగ్గం వర్కు చూపించింది. ఇద్దరూ చెరో భాషలో అయిదు నిమిషాలు దారం గురించి మాట్లాడుకున్నారు. నేను మధ్యలో అనవసరం.

అసలు సంగతి ఆ తర్వాత. 'సీ సిక్' అని ఒకటుంది. చుట్టూ పాతకాలం ఓడల తైలవర్ణ చిత్రాలు, మధ్యలో నల్లవాడి తలని వెక్కిరింతగా చేసిన పింగాణీ డబ్బా, పక్కన చేతులు, పైన చిన్న ఓడ. అమ్మ చాలాసేపు చూసి గట్టిగా "ఈ నల్లోళ్ళ బొమ్మని ఇంత వికారంగా ఎవరు చేశారే?" అంది. ఆ పెద్దావిడ రెండడుగుల దూరంలో ఉంది. తెలుగు రాదులే అనుకున్నా నాకు చెమటలు పట్టాయి. నేనెందుకంత కంగారు పడ్డానో ఇప్పటికీ అర్థం కావట్లేదు. అమ్మ అడిగింది సరైన ప్రశ్నే కదా.

మీలో ఎవరైనా చూశారా? అమ్మకి ఇంకా సరిగ్గా జవాబు చెప్పలేదు.

ఔరోరా అల్లుడు
18 సెప్టెంబరు 2022, రాత్రి 10:15

నిక్ కేవ్ అంటే ఆస్ట్రేలియా పాటగాడు కదండీ? ఆయన బొమ్మలు కూడా చేస్తాడా?

అయినా శనివారం డౌన్‌టౌన్‌కి అమ్మగారిని తీసుకెళ్ళడం రిస్కేనండి. పార్కింగ్ దోపిడీ ఒకటి, పైగా ఈమధ్య అటు కల్లుగాళ్ళ గోల ఎక్కువైంది. మేం మన ఇండియన్ షాపులుండే డెవాన్ అవెన్యూ దాటి లోపలికి వెళ్ళడమే మానేశాం.

చింతచిగురు
18 సెప్టెంబరు 2022, రాత్రి 11:02

ఆ పాటగాడు వేరు, ఈయన వేరు. పేరొక్కటే ఒకటి.

ఈయన 1959లో మిస్సోరిలో ఫుల్టన్ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. ఏడుగురు మగపిల్లలు, తల్లి ఒక్కతే పెంచింది. అన్నల చొక్కాలు తమ్ముళ్ళకి దిగే ఇల్లు. ఆ దిగిన చొక్కాలని కత్తిరించి, మళ్ళీ కుట్టి, తనవిగా చేసుకునేవాడట. చదువు కాన్సస్ సిటీలో, తర్వాత మిషిగన్‌లోని క్రాన్‌బ్రుక్ ఆర్ట్ అకాడమీలో. మధ్యలో ఆల్విన్ ఐలీ డాన్సు బృందం వాళ్ళ దగ్గర డాన్సు నేర్చుకున్నాడు. ఆయన బొమ్మల్ని డాన్సర్ చేసిన బొమ్మలుగా చూస్తేనే తెలుస్తాయి. చాలా ఏళ్ళుగా షికాగోలోనే ఉంటూ ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళ కాలేజీలో పాఠాలు చెబుతున్నాడు.

మొదటి సూటు కథ ఇదీ. 1991 మార్చిలో లాస్ ఏంజలెస్ పోలీసులు రాడ్నీ కింగ్ అనే నల్లజాతి మనిషిని రోడ్డు మీద పడేసి లాఠీలతో కొట్టారు. ఎదురింటి బాల్కనీలోంచి ఒకాయన వీడియో తీశాడు కాబట్టి లోకానికి తెలిసింది. ఆ మనిషిని ఏదో మహాకాయుడైన రాక్షసుడన్నట్టు వర్ణించిన మాటలు కేవ్ బుర్రలో తిరుగుతున్నాయి. ఒకరోజు షికాగో గ్రాంట్ పార్కులో బెంచీ మీద కూర్చుని ఉంటే కిందపడ్డ పుల్లలు కనిపించాయి. ఎవరికీ అక్కర్లేనివి, తొక్కుకుంటూ పోయేవి. ఏరుకుని ఇంటికి తెచ్చాడు. చిన్న చిన్న ముక్కలు కోసి, బెజ్జాలు పెట్టి, తీగతో గుడ్డకి కుట్టాడు. శిల్పమే చేస్తున్నాననుకున్నాడు. అయ్యాక వేసుకుని కదిలితే గలగలమని చప్పుడొచ్చింది. 'సౌండ్ సూట్' అన్న పేరు అలా పుట్టింది. అది 1992. అప్పటినుంచి 500 పైనే చేశాడు.

గోరింటాకు గారూ, ఆ పింగాణీ డబ్బా సంగతి కూడా చెప్పనివ్వండి. పాత సామాన్ల సంతలో కేవ్‌కి నల్లవాడి తల ఆకారంలో డబ్బా ఒకటి దొరికింది, దాని మీద 'ఉమ్మి వేసే పాత్ర' అని చీటీ ఉంది. మన పాత లోగిళ్ళలో తమ్మపడిగ అనేవాళ్ళు, అదే. నల్లవాడి నోరు తెరిపించి అందులో ఉమ్మడానికి వస్తువు. అది చూశాక అలాంటివి ఇంకా వెతికి, వాటితో 2014లో న్యూయార్కులో ఒక ప్రదర్శనే పెట్టాడు. దాని పేరుకి అర్థం 'తెల్లవాళ్ళు తెల్లవాళ్ళకోసం చేసినవి'. మీ అమ్మగారు "ఎవరు చేశారే" అని అడిగారు చూడండి, దానికి జవాబు ఆ ప్రదర్శన పేరులోనే ఉంది.

ఔరోరా గారూ, నల్లజాతి వాళ్ళకి మీరు వాడిన ఆ మాట గురించి వేరే ఎవరైనా మాట్లాడతారేమో అని ఆగాను. ఎవరూ మాట్లాడకపోతే నేనే మాట్లాడతాను.

నిర్వాహకులు
19 సెప్టెంబరు 2022, ఉదయం 7:30

ఆ మాట మీద మూడు ఫిర్యాదులు వచ్చాయి. దానిమీద చర్చ మొదలైంది కాబట్టి పైన తీసెయ్యకుండా ఉంచుతున్నాం. ఇకనుంచి ఈ వేదికలో ఎవరు వాడినా ఆ పోస్టు మొత్తం పోతుంది.

అడ్డప్రశ్న
19 సెప్టెంబరు 2022, ఉదయం 8:12

నేను జులైలోనే చూశాను. పని గొప్పదే, కాదనను. కానీ నాకు రెండు అనుమానాలు.

ఒకటి: అంత తళుకు అవసరమా? మనసు కలవరపడాల్సిన విషయాన్ని ఫ్యాన్సీ షాపులా అలంకరిస్తే జనం ఫోటోలు దిగి వెళ్ళిపోతారు. నా ముందు ఒక జంట ఆ చక్రాల కింద పెళ్ళి ఫోటోషూట్‌లా తిరిగారు. తుపాకీ ఆకారాన్ని చూసినట్టే లేదు.

రెండు: ఆ సూటు వేసుకుంటే లోపలున్నది ఆడో మగో, తెలుపో నలుపో, బీదో గొప్పో తెలియదు. కళాకారుడే ఆ మాట చెబుతాడు. మరి నలుపునే కప్పేస్తే అది నల్లజాతి అస్తిత్వం గురించిన కళ ఎలా అవుతుంది? దాక్కోవడం అవుతుంది కదా?

ఉట్నూరు మాస్టారు
19 సెప్టెంబరు 2022, రాత్రి 9:05 (భారత కాలమానం)

నేను అమెరికా చూడలేదు. ఆ సూట్ల వీడియోలు ఫోనులో చూసిన. చూడంగనే మా గుస్సాడీ గుర్తొచ్చింది.

తెలియనివాళ్ళ కోసం: ఆదిలాబాద్ జిల్లాలో రాజ్‌గోండులకు దీపావళి ముందు దండారి పండుగ ఉంటది. ఒక గూడెం వాళ్ళు ఇంకో గూడేనికి ఆడుకుంట పోతారు. అందులో గుస్సాడీ వేషం కట్టినాయనకు తలమీద నెమలి ఈకల పెద్ద కిరీటం, ఒళ్ళంతా బూడిద, భుజం మీద తోలు, కాళ్ళకు గజ్జెలు, చేతిలో కర్ర. రెండు అడుగులు వేస్తే ఈకలు ఊగుతయి, గజ్జెలు మోగుతయి. నిన్నటిదాకా పక్కింటి మనిషే, వేషం కట్టంగనే దేవుడి కిందనే లెక్క. పెద్దవాళ్ళు కూడా కాళ్ళకు మొక్కుతరు. వేషం విప్పేదాకా ఆయనకు నియమాలుంటయి. ఆ కళకు పేరు తెచ్చిన మార్లవాయి కనక రాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది.

అడ్డప్రశ్న గారు దాక్కునుడు అన్నరు. మా దగ్గర ఎవరూ గుస్సాడీలో గోండు మనిషి దాక్కున్నడు అనరు. గోండు మనిషి అప్పుడే కనవడతడు అంటరు. మామూలు రోజుల్లో అదే మనిషి ఉట్నూరు బస్టాండులో నిలవడితే ఎవరూ చూడరు.

చింతచిగురు
19 సెప్టెంబరు 2022, మధ్యాహ్నం 1:20

మాస్టారూ, ఆ ఆఖరి వాక్యం తర్వాత నేను రాయడానికి ఏమీ మిగల్లేదు. అయినా రాస్తాను, అలవాటు.

అడ్డప్రశ్న గారి రెండో అనుమానానికి వేషం చరిత్ర తెలిస్తే సగం జవాబు దొరుకుతుంది. పడమటి ఆఫ్రికాలో యోరుబా వాళ్ళకి ఎగుంగున్ అనే వేషం ఉంది. పొరలు పొరలుగా గుడ్డపట్టీలు, లోపలి మనిషి వేలి కొస కూడా కనబడదు. చనిపోయిన పెద్దలు తిరిగి వచ్చారని నమ్మకం. తిరుగుతుంటే పట్టీలు గాలికి లేస్తాయి. అక్కడి మనుషుల్ని ఓడల్లో ఎక్కించి తెచ్చినప్పుడు ఒంటిమీద గుడ్డతో సహా అన్నీ లాగేశారు. కానీ వేషం అనే ఆలోచనని లాగెయ్యలేకపోయారు. న్యూ ఆర్లీన్స్‌లో నల్లజాతి మగవాళ్ళు ఇప్పటికీ ఏడాదంతా రాత్రిళ్ళు కూర్చుని పూసలు కుట్టి, మార్డీగ్రా పండగ రోజున ఈకల వేషాలతో బయటికొస్తారు. కేవ్ సూట్లు ఈ వరసలోవే. కాబట్టి నలుపు లోపల చర్మంలోనే ఉందనుకోకండి, ఆ కుట్టులో ఉంది, ఆ కదలికలో ఉంది.

మొదటి అనుమానం మాత్రం నాకూ ఉంది. 2013లో న్యూయార్కు గ్రాండ్ సెంట్రల్ స్టేషన్‌లో ఈయన 30 గుర్రాలని ఆడించాడు. రాఫియా అనే తాటిజాతి చెట్టు నారతో చేసిన గుర్రాలు, ఒక్కోదాంట్లో ఇద్దరేసి డాన్సర్లు. స్టేషన్‌కి నూరేళ్ళు నిండిన సందర్భం. ఆ నార ఊగుతుంటే ఎండిన జొన్నచేలో గాలి దూరినట్టు చప్పుడు. రైలు కోసం పరిగెత్తేవాళ్ళు ఆగిపోయారు. అది చాలామందికి సంబరంగానే మిగిలింది. లాఠీలు, పుల్లలు ఎవరికి గుర్తున్నాయి? కానీ సంబరం చేసుకునే హక్కు కూడా హక్కే కదా, నల్లజాతి కళాకారుడు ఎప్పుడూ గాయమే చూపించాలా అని నాలో నేనే ఎదురుప్రశ్న వేసుకుంటాను. తేలదు.

గోరింటాకు
19 సెప్టెంబరు 2022, రాత్రి 8:48

తళుకు గురించి ఒకటి చెప్పాలి. గుండ్రటి పళ్ళేల్లాంటి పెద్ద పెద్ద చమ్కీ పనులు కొన్ని గోడకి ఉన్నాయి, 'టోండో' అంటారట. రంగులు సుళ్ళు తిరుగుతుంటాయి. అమ్మకి అవే అన్నిటికన్నా నచ్చాయి. "ఈ డిజైను జాకెట్టు వీపుకి వేస్తే ఎంత పలుకుతుందో" అని ఫోటో తీయించుకుంది. నేను పక్కనున్న పలక చదివాను. ఆ సుళ్ళలో ఒక పొర తుఫాను పటాలు. ఇంకో పొర, తుపాకీ కాల్పుల మధ్య పెరిగి మనసు దెబ్బతిన్న నల్లజాతి పిల్లల మెదడు స్కానులు.

అమ్మకి చెప్పాలా వద్దా అని ఆలోచించి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "అయితే ఆ ఫోటో తీసెయ్యి" అంది. పది నిమిషాలాగి "వద్దులే, ఉంచు" అంది.

అడ్డప్రశ్న గారూ, తళుకు లేకపోతే మా అమ్మ ఆ గోడ దగ్గరికే వెళ్ళేది కాదు.

అడ్డప్రశ్న
19 సెప్టెంబరు 2022, రాత్రి 9:10

ఒప్పుకుంటున్నాను. ఆ పెళ్ళి ఫోటోల జంట విషయంలో మాత్రం ఒప్పుకోను.

మాసబ్‌ట్యాంక్ మిత్రుడు
20 సెప్టెంబరు 2022, ఉదయం 11:30 (భారత కాలమానం)

హైదరాబాదులో మా ఇంటి వెనకే ఏసీ గార్డ్స్. చాలామంది ఎయిర్ కండిషనర్ అనుకుంటారు. అది ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్. నిజాం కాలంలో అశ్విక దళంలో పనిచేసిన సిద్దీల, అంటే ఆఫ్రికా మూలాలున్న వాళ్ళ కుటుంబాలు అక్కడ స్థిరపడ్డాయి. ఆ దళాన్ని మొదట వనపర్తి రాజా పెట్టి నిజాముకి ఇచ్చాడని చెబుతారు. మన పెళ్ళి బరాతుల్లో మోగే మర్ఫా వాద్యం ఉంది చూడండి, అది ఈ సిద్దీలతో, బార్కస్‌లోని అరబ్బు కుటుంబాలతో వచ్చినదే. మర్ఫాకి డాన్స్ చేయని హైదరాబాదీ ఉండడు. ఆ చప్పుడు ఆఫ్రికా నుంచి వచ్చిందని తెలిసినవాడు అంతకన్నా ఉండడు.

నా చిన్నప్పుడు క్లాసులో ఒక సిద్దీ పిల్లవాడు ఉండేవాడు. నాలుగు తరాలుగా ఇక్కడే, ఉర్దూ నాకన్నా బాగా, తెలుగు నాతో సమానంగా మాట్లాడేవాడు. అయినా ఆటల్లో గొడవొస్తే "నీ దేశం పో" అనేవాళ్ళం. 'అనేవాళ్ళం' అన్నాను, అందులో నేనూ ఉన్నాను. ఇవాళ టోలిచౌకి వైపు చదువుకోడానికి వచ్చిన ఆఫ్రికా పిల్లలకి ఇల్లు అద్దెకి దొరకాలంటే ఎన్ని గుమ్మాలెక్కాలో అడగండి. టులెట్ బోర్డు ఉంటుంది, మొహం చూడగానే ఇల్లు నిండిపోతుంది.

కాబట్టి ఈ ప్రదర్శన షికాగో వాళ్ళ సంగతి అని పక్కన పెట్టలేను.

వేపపుల్ల
20 సెప్టెంబరు 2022, ఉదయం 10:02

ఆ పింగాణీ తల ఫోటో చూశాక నాకొకటి తట్టింది. మనం కొత్త ఇంటికి కట్టే దిష్టిబొమ్మ. నల్ల మొహం, గుడ్లు బయటికి, ఎర్ర నాలుక. రెండూ పక్కపక్కన పెడితే తేడా చెప్పండి చూద్దాం.

అడ్డప్రశ్న
20 సెప్టెంబరు 2022, ఉదయం 10:40

తేడా ఉంది. దిష్టిబొమ్మ ఏ మనుషులకీ బొమ్మ కాదు. రాక్షసుడు. ఎదురింటివాడి కన్ను దానిమీద పడాలని కడతాం. ఆ డబ్బా మాత్రం ఒక జాతి మనుషుల్ని, ఇంటి బయట బతికున్నవాళ్ళని, వెక్కిరించడానికి చేసింది. రెండిటినీ ఒకే గాటన కట్టకండి.

వేపపుల్ల
20 సెప్టెంబరు 2022, ఉదయం 11:15

కట్టట్లేదు. కానీ రాక్షసుడికి ఆ రంగే ఎందుకు వేశారని మాత్రం అడుగుతాను. మా నాన్నమ్మ నన్ను ముద్దుగా దిష్టిబొమ్మ అనేది. అక్కని ఎప్పుడూ అనలేదు. అక్క తెల్లగా ఉంటుంది.

చింతచిగురు
20 సెప్టెంబరు 2022, మధ్యాహ్నం 12:30

వేపపుల్ల గారి ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. ఒకటి మాత్రం చెప్పగలను, కేవ్ ఆ వెక్కిరింత బొమ్మల్ని పగలగొట్టలేదు. 2016లో మసాచుసెట్స్‌లోని మాస్ మోకా అనే మ్యూజియంలో 'అంటిల్' అని ఫుట్‌బాల్ మైదానమంత గదిలో పెద్ద ప్రదర్శన పెట్టాడు. "నేరం రుజువయ్యేదాకా నిర్దోషి" అన్న మాటలోని 'దాకా' అది. నల్లవాళ్ళ విషయంలో ఆ మాట తిరగబడుతుందని ఆయన మాట. అక్కడ లక్షల పూసలు, షాండ్లియర్లు పేర్చి పైన మబ్బులాంటి తోట కట్టాడు. నిచ్చెన ఎక్కి చూస్తే ఆ తోటలో నల్ల నౌకరు బొమ్మలు. ఒకప్పుడు తెల్లవాళ్ళ ఇళ్ళముందు పెట్టుకున్నవే. దిష్టిబొమ్మలా బయట నిలబెట్టినవాడిని తెచ్చి పూలతోటకి యజమానిని చేశాడు.

నిమ్మకాయ పులిహోర
20 సెప్టెంబరు 2022, మధ్యాహ్నం 3:05

గంభీరంగా మాట్లాడుకుంటున్నారు, క్షమించాలి. నాలుగేళ్ళ పిల్లని తీసుకెళ్ళచ్చా? స్ట్రోలర్ పడుతుందా? మంగళవారం ఇల్లినాయ్ వాళ్ళకి ఉచితం అంటున్నారు, నిజమేనా?

గోరింటాకు
20 సెప్టెంబరు 2022, సాయంత్రం 5:50

నిజమే, అడ్రసు ఉన్న ఐడీ తీసుకెళ్ళండి. స్ట్రోలర్‌లు చూశాను. పిల్లలు పూసలు లాగకుండా చూసుకోవాలి, అంతే. మా అమ్మనే ఆపాల్సొచ్చింది.

కాకరపువ్వొత్తి
20 సెప్టెంబరు 2022, రాత్రి 10:30

ఔరోరా గారు వాడిన మాట దగ్గరికి వద్దాం. నేను ఇక్కడ 14 ఏళ్ళుగా ఐటీలో ఉన్నాను. మా టీమ్‌లో తొమ్మిదిమందిలో ఆరుగురం తెలుగు. మేం ఆ మాట రోజుకి పదిసార్లు వాడేవాళ్ళం. కాఫీ దగ్గర, లిఫ్టులో, కాల్ మ్యూట్‌లో ఉన్నప్పుడు. అర్థం కాదు కదా అనే ధీమా.

మాతో ఒక నల్లజాతి సహోద్యోగి ఉండేవాడు, టెస్టింగ్ చూసేవాడు. నెమ్మదస్తుడు. ఒకరోజు నాతో భోజనం చేస్తూ అడిగాడు. "ఒక మాటకి అర్థం చెబుతావా? మీవాళ్ళు ముగ్గురి నోట విన్నాను. విన్న ప్రతిసారీ ఎవరో ఒకరు నావైపు చూస్తున్నారు." అని, ఆ మాటని తప్పు లేకుండా పలికాడు. ఆ రెండో అక్షరం దగ్గర మనలాగే నొక్కి.

నేనేం చెప్పానో తెలుసా? మా ఊళ్ళో తాగే తాటికల్లు అన్నాను. నవ్వుతూ అన్నాను. అతనూ నవ్వాడు. మర్నాటినుంచి వేరే బల్ల దగ్గర కూర్చుని తిన్నాడు.

చింతచిగురు గారు రాసిన పుల్లల చొక్కా కథ చదివాక అదే గుర్తొచ్చింది. వేసుకున్నవాడు కదిలితే చప్పుడొస్తుంది, ఎదుటివాడు వినక తప్పదు. మేమేమో ఎదుటివాడికి వినబడదనుకుని ఇన్నేళ్ళు మాట్లాడాం.

ఔరోరా అల్లుడు
21 సెప్టెంబరు 2022, అర్ధరాత్రి 12:45

అందరూ కలిసి నామీద పడ్డారు, సరే. నేను ద్వేషంతో అనలేదు. వచ్చిన కొత్తలో రూమ్మేట్ల దగ్గర విన్నాను, అలా నోటికి పట్టేసింది. నా సంగతి కూడా వినండి: 2015లో గ్యాస్ స్టేషన్‌లో పార్ట్ టైమ్ చేస్తున్నప్పుడు నాకు తుపాకీ చూపించి డబ్బు తీసుకెళ్ళారు. ఆ భయం మీకు తెలియదు.

కాకరపువ్వొత్తి
21 సెప్టెంబరు 2022, ఉదయం 7:15

భయం నిజమే, దాన్ని నేను తక్కువ చెయ్యను. కానీ మా టెస్టింగ్ అతను మీకు తుపాకీ చూపించలేదు కదా.

మాసబ్‌ట్యాంక్ మిత్రుడు
21 సెప్టెంబరు 2022, సాయంత్రం 6:20 (భారత కాలమానం)

ఇంత బరువు మాటల మధ్య చిన్న పని. 'ఫరదర్‌మోర్'ని తెలుగులో ఏమనాలి? 'ఫరెవర్‌మోర్', అంటే ఎప్పటికీ అనే మాటలోకి 'అదర్'ని, ఇతరులని దూర్చాడు కదా ఆయన. పక్కకి నెట్టేసినవాళ్ళ కోసం, ఎప్పటికీ అని.

చింతచిగురు
21 సెప్టెంబరు 2022, ఉదయం 10:10

కలకాలంలోకి పరులని దూర్చితే 'పరకాలం'.

ఉట్నూరు మాస్టారు
21 సెప్టెంబరు 2022, రాత్రి 9:40 (భారత కాలమానం)

పరకాలం అంటే వరంగల్ దిక్కు పరకాల బస్సు ఎక్కిస్తరు. సౌండ్ సూటుకు మాత్రం మా పిల్లలు పేరు పెట్టిన్రు: గలగల అంగీ. బడిలో వీడియో చూపించిన. ఎండిన చింతకాయ తొక్కలు, సీసామూతలు తెచ్చి కుడతమంటున్నరు. దండారికి ముందు ఒక్కటన్న తయారు చేస్తమని పందెం.

గోరింటాకు
21 సెప్టెంబరు 2022, రాత్రి 8:02

గలగల అంగీ! అమ్మకి చదివి వినిపించాను. సీసామూతలకి మామూలు దారం ఆగదు, తెగుతుంది, చేపలవల దారం వాడమని చెప్పమంది. మూతకి రెండు బెజ్జాలు ఎదురెదురుగా పెట్టాలట, ఒకటే పెడితే తిరగబడి చప్పుడు రాదట.

ఔరోరా అల్లుడు
2 అక్టోబరు 2022, రాత్రి 8:30

ఇవాళ ఆఖరి రోజని మా ఆవిడ, పిల్లలు పట్టుబట్టి లాక్కెళ్ళారు. ఈ చర్చ మా ఆవిడ కూడా చదువుతోందని అప్పుడే తెలిసింది. పార్కింగ్ గురించి నేను చెప్పింది నిజమే, దోపిడీ.

అన్నీ అర్థమయ్యాయని చెప్పను. ఒక పొడుగు కోటు ఉంది, పేరు 'హసల్ కోట్'. తెరిచి పట్టుకుంటే లోపల అస్తరంతా వాచీలు, గొలుసులు, మెరిసే నగలు. వీధిలో కోటు తెరిచి సరుకు అమ్మేవాళ్ళలాగా. అది నాకు నచ్చింది. గ్యాస్ స్టేషన్ బయట చలిలో అలా అమ్మేవాడొకడు ఉండేవాడు. నేను రోజూ తరిమేసేవాణ్ణి. ఓనరు చెప్పాడు కాబట్టి. ఒకరోజు విపరీతమైన మంచు. కాఫీ ఇచ్చాను. వాడు నాకో వాచీ ఇవ్వబోయాడు, తీసుకోలేదు.

మా వాడికి ఎనిమిదేళ్ళు. వెక్కిరింత తల దగ్గర నిలబడి "నాన్నా, వీళ్ళనేనా నువ్వు ఫోన్లో ఆ మాట అంటావు?" అన్నాడు. ఇంగ్లీషులో అన్నాడు. చుట్టూ జనం ఉన్నారు.

ఇంతకన్నా రాయలేను. పై పోస్టులో ఆ మాట నిర్వాహకులు తీసెయ్యాలంటే తీసెయ్యండి.

నిర్వాహకులు
3 అక్టోబరు 2022, ఉదయం 7:05

ఉంచుతున్నాం. తీసేస్తే కింద ఇంతమంది ఎందుకు మాట్లాడారో తెలియదు.

జెర్సీ జామకాయ
12 ఫిబ్రవరి 2023, రాత్రి 9:15

పాత చర్చని లేపుతున్నందుకు ఏమీ అనుకోకండి. అదే ప్రదర్శన ఇప్పుడు న్యూయార్కు గుగన్‌హైమ్ మ్యూజియంలో ఉంది, ఏప్రిల్ 10 దాకా. నిన్న వెళ్ళాను. శనివారం సాయంత్రం మనకి తోచినంత ఇచ్చి వెళ్ళచ్చు, లైను మాత్రం తిరుపతిని తలపిస్తుంది. చుట్టూ తిరుగుతూ పైకెక్కే ఆ గుండ్రటి దారిలో కాదు, పక్కనున్న గదుల్లో మూడు అంతస్తుల్లో పెట్టారు. ఒకప్పుడు ఏముంది, ఇప్పుడేముంది, రేపేముంటుంది అని మూడు భాగాలు.

నాకు బాగా పట్టుకున్నది కొత్త సూట్లు, వాటికి '9:29' అని పేరు. 2020 మే 25న మినియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్ మెడ మీద పోలీసు మోకాలు పెట్టి ఉంచిన సమయం అది, 9 నిమిషాల 29 సెకన్లు. మొదటి సూటు 1992లో. మధ్యలో దాదాపు 30 ఏళ్ళు. కళాకారుడు పెద్దవాడయ్యాడు, కుట్టు ఇంకా నాజూకు తేలింది. కుట్టడానికి కారణం మాత్రం మారలేదు.

టికెట్టు దొరకనివాళ్ళు టైమ్స్ స్క్వేర్ సబ్‌వేకి వెళ్ళండి. షటిల్ రైలు దిగే దారి గోడలమీద, బ్రయంట్ పార్క్ వైపు కలిపే దారిలోనూ ఈయన సౌండ్ సూట్లని గాజుముక్కలతో వేశారు. దాదాపు 4,600 చదరపు అడుగులు. ఎగురుతూ, గెంతుతూ, నారలు విరబోసుకుని. నేను ఏడాదిగా రోజూ దాని పక్కనుంచే ఆఫీసుకి పరిగెడుతున్నాను. ఈ చర్చ చదివాకే అదేంటో తెలిసింది.

గోరింటాకు
13 ఫిబ్రవరి 2023, ఉదయం 7:50

థాంక్స్ జెర్సీ గారూ. అమ్మ డిసెంబరులో తణుకు వెళ్ళిపోయింది. ఆ టోండో ఫోటో ఇంకా ఫోనులో ఉందట. మొన్న ఒక పెళ్ళికూతురు చూసి ఇదే డిజైను వీపు మీద వెయ్యమని అడిగితే, "అది జాకెట్టుది కాదమ్మా" అని వేరే పుస్తకం తీసిందట.

మాస్టారూ, గలగల అంగీ ఏమైంది? దారం ఆగిందా?

ఉట్నూరు మాస్టారు
13 ఫిబ్రవరి 2023, రాత్రి 10:15 (భారత కాలమానం)

వల దారం ఆగింది. చింతకాయ తొక్కలు ఆగలే, రెండో రోజుకే పొడి అయినయి. మీ అమ్మగారిని అడగండి, వాటికి బదులు ఏం కట్టాలె?